బడిలో చోటెవ్వరికి?

ఏటేట అయిదవ తరగతి చదువు పిల్లలు గల యిండ్లలో ఒక చర్చ బయలుదేరుచుండును. పిల్లవానిని నవోదయ విద్యాలయ ప్రవేశపరీక్షకు కూర్చుండబెట్టవలెనా, వలదా? కూర్చుండబెట్టినచో వేఱుగ పాఠములు చెప్పింపవలెనా? చోటు దొరకనిచో గతి యేమి? ఈ ప్రశ్నలు నేటివిగా కనబడుచున్నను, కొందఱిని ఏరి చదివింపవలెనా, అందఱికిని చదువు చెప్పవలెనా యను వివాదము మన గోదావరి సీమలో 170 ఏండ్ల నాటిది. ఆ చరిత్రను కొంత విన్నవించెదను.

ఆంగ్లేయ ప్రభుత్వమువారు తొలుత కొందఱిని ఎన్నుకొను పద్ధతినే యవలంబించిరి. 1835లో మెకాలే దొర తన విద్యావిషయక లేఖలో, ప్రభుత్వమునకు గల స్వల్పధనముతో జనసామాన్యమునకెల్ల చదువు చెప్పుట యసాధ్యమనియు, ముందొక చిన్న వర్గమును ఇంగ్లీషు చదివించినచో వారివలన ఆ జ్ఞానము క్రమముగా తక్కినవారికి చేరుననియు వాదించెను. పై కుండలోని నీరు క్రింది కుండలోనికి దిగినట్లు విద్యయు దిగునని ఆనాటి యధికారుల నమ్మకము. చెన్నపట్టణమున 1841లో తెఱచిన ఉన్నతపాఠశాల ఈ కాలమునదే. రాజమహేంద్రవరమున 1853లో జిల్లా పాఠశాల యేర్పడెను. అదియే క్రమముగా పెరిగి ప్రభుత్వ కళాశాల యయ్యెను. అందు చదివి గొప్పవారైనవారు మనకెందఱో కలరు. కాని పల్లెటూరి రైతుబిడ్డ అచ్చటికి చేరుట యరుదు. దూరము, వ్యయము, ఇంగ్లీషు భాష అను మూడును ప్రవేశపరీక్ష యక్కఱలేకయే వానిని వడపోసినవి.

ఇంతలో ధవళేశ్వరము ఆనకట్ట వచ్చినది. కాటన్ దొర 1847లో ఆరంభించిన యా నిర్మాణము 1852 నాటికి పూర్తియైనది. కఱవులచే కృశించిన సీమలో కాలువలు పాఱినవి. రైతుచేతిలో రొక్కమాడజొచ్చినది. ఆ దినములలోనే రాజమహేంద్రవరము సబుకలెక్టరుగా నుండిన టెయిలరు దొర నరసాపురమున పాఠశాల నొకదానిని నెలకొల్పెను. పాలకొల్లు, ఆచంట, పెనుగొండలయందును బడులు వెలసినవి. నరసాపురములోని టెయిలరు ఉన్నతపాఠశాల నేటికిని ఆయన పేరనే యున్నది.

ఇచ్చట పెద్దలు గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఆ బడులను చూచిన చుట్టుప్రక్కల గ్రామముల రైతులు తమ యూళ్లలోను బడులు కావలెనని కోరిరి. అందుకు వలయు ధనమును భూమిశిస్తుతో బాటు తామే చెల్లింతుమని యొడంబడిరి. ఇది 1855 ప్రాంతపు మాట. ఒక తండ్రి తన కొడుకు జీతము తాను చెల్లించుకొనుట వేఱు, ఊరెల్ల కలిసి ఊరి పిల్లల కొఱకు పన్ను వేసికొనుట వేఱు. ఆ పన్నునకు చట్టబలము లేకుండుటచే చిక్కులు కలుగగా 1863లో చెన్నరాజధాని విద్యాచట్టము వచ్చినది. అదియు చక్కగ సాగకపోగా 1871లో స్థానికనిధుల చట్టము వచ్చి, పల్లెబడుల భారము స్థానికసంఘములకు చేరినది. మెకాలే దొర పైనుండి క్రిందికి దిగునన్న విద్యను మన రైతులు క్రిందనే నాటుటకు యత్నించిరి.

అయినను ఆ బడులు అందఱివని చెప్పుట సత్యము కాదు. నేడు దళితులని మనము పిలుచు కులముల బిడ్డలకు ఆనాటి గ్రామపాఠశాలలో ప్రవేశము దుర్లభము. ఆడుపిల్లల మాట తలచినవారే తక్కువ. ఆ లోపమును తీర్చుటకు వేఱు మహనీయులు పూనుకొనవలసివచ్చినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించిరి. కాకినాడలో రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులై యుండి, మహారాజావారి తోడ్పాటుతో, తలుపు మూయబడియున్నవారికి తలుపు తెఱచిరి. ఎవరిని చేర్చుకొనవలెనని యెంచునప్పుడు ఎవరిని లెక్కలోనికే తీసికొనలేదో చూచుకొనవలెనని వీరివలన నేర్చుకొంటిమి.

స్వాతంత్ర్యానంతరము ఈ వివాదము మఱల తలయెత్తినది. 1964 మొదలు 1966 వఱకు పనిచేసిన కొఠారీ సంఘమువారు, ధనికుల బిడ్డలు పేదల బిడ్డలు తమ ప్రాంతపు బడిలోనే కలిసి చదువుకొనవలెనని సలహా యిచ్చిరి. ఆ సలహా కాగితముననే యుండిపోయినది. మఱొకప్రక్క, తెలివిగల పేదబిడ్డ పల్లెలో పుట్టినంతమాత్రమున వెనుకబడరాదను తలంపుతో 1971లో నల్లగొండ జిల్లా సర్వేలునందును, 1972లో గుంటూరు జిల్లా తాడికొండయందును గురుకులములు వెలసినవి. ఆ తలంపే దేశమంతటికిని వ్యాపించి 1986 నాటి జాతీయ విద్యావిధానములో నవోదయ విద్యాలయముల రూపము తాల్చెను. మన సీమకు పెద్దాపురమున ఒకటి, పెదవేగియందు ఒకటి లభించినవి.

ఈ విద్యాలయమునందు ఆఱవ తరగతిలో చేర్చుకొనునది మించినచో 80 మందిని. చోట్లలో నూటికి 75 గ్రామీణులవి. మూడవవంతునకు తక్కువ గాకుండ బాలికలవి. పరీక్షకాలము 2 గంటలు. ప్రశ్నలు 80, మార్కులు 100. అందు సగము మార్కులు బుద్ధిసూక్ష్మతకు, తక్కిన సగము లెక్కలకును భాషకును. తెలుగులోనే వ్రాయవచ్చును. కాని ఒక బిడ్డ దీనిని ఒక్కమాఱే వ్రాయవలెను.

తలిదండ్రులలో ఒక పక్షమువా రనునది యేమనగా: ఈ పరీక్షకు కులము తెలియదు, సిఫారసు తెలియదు. కూలివాని బిడ్డయు నెగ్గినచో తిండి, బస, పుస్తకములు లభించును. ఇంతకంటె ధర్మమైన త్రోవ యేది? ఈ మాట కొట్టివేయరానిది. రెండవ పక్షమువా రిట్లందురు: పదియేండ్ల పసివాని భాగ్యము రెండు గంటలలో తేల్చుట తగదు. పట్టణమున శిక్షణకు రుసుము చెల్లింపగలవాని బిడ్డయు, అమ్మతో చేనికి పోవు బిడ్డయు ఒకే ప్రశ్నపత్రము ముందు కూర్చున్నంతమాత్రమున సమానులగుదురా? ఇదియు త్రోసివేయరాని మాటయే.

ఒకనాడు మా యూరి రచ్చబండకడ ఇద్దఱు రైతులు మాటలాడుకొనుచుండగా వింటిని. “బావా, మీవాని పేరు జాబితాలో నున్నదట, సంతోషము. మావాడు మాత్రము రెండు దినములనుండి బడికి పోనని మంచము దిగుట లేదు” అని యొకడనెను. “ఏమి చెప్పుదును బావా! వాడు తోడు లేకుండ మావాడెట్లుండునోయని మీ చెల్లెలును కన్నీరు పెట్టుకొనుచున్నది” అని రెండవవాడు బదులు పలికెను. నెగ్గిన యింటను బాధయే, ఓడిన యింటను బాధయే. అయితే ఓడిన బిడ్డకు తాను పనికిరానివాడనను తలంపు పట్టుకొనుట పెద్దహాని. 80 చోట్లున్నప్పుడు 81వ బిడ్డ తెలివితక్కువవాడు కాడు. చోట్లే తక్కువ.

ఇంగ్లండు దేశమువారును ఈ త్రోవ నడచి చూచిరి. 1944 నాటి చట్టము తరువాత అచ్చట పదునొకండేండ్ల పిల్లలకు పరీక్ష పెట్టి, నెగ్గినవారిని గ్రామరు పాఠశాలలకును తక్కినవారిలో పెక్కుమందిని సామాన్య పాఠశాలలకును పంపుచుండిరి. తక్కిన బిడ్డల తలిదండ్రులలో అసంతృప్తి ప్రబలెను. 1965లో ప్రభుత్వము అందఱును కలిసి చదువు పాఠశాలలను ఏర్పఱుపుడని స్థానికాధికారులను కోరెను. అయినను గ్రామరు పాఠశాలలు 160కి పైగా నేటికిని మిగిలియున్నవి. వానికొఱకు ఇంటివద్ద పాఠములు చెప్పించుటయు, వాదులాడుటయు అచ్చటను ఆగలేదు. కావున మంచిబడులు కొన్నియే యున్నచోట ఎట్టి పరీక్ష పెట్టినను తగవు తీఱదు.

నవోదయమును మూయుడని నే ననను. అది పెక్కు పేదయిండ్లలో దీపము వెలిగించినది. పరీక్ష వ్రాయగోరు బిడ్డను వ్రాయనిండు. కాని గ్రామపెద్దలు తమ కాలమును, పలుకుబడిని ఎచ్చట వినియోగింపవలెనో యోచింపవలెను. కాలువ మొగదల పొలములకు నిండుగ నీరిచ్చి శివారు భూములను ఎండగట్టు నీటిసంఘమును మనము మెచ్చుకొనము గదా! బడి విషయమునను అంతే. ఎందఱు నవోదయమునకు పోయిరని యడుగుటతో బాటు, ఊరిబడిలో నిలిచిన పిల్లలలో ఎందఱు తప్పులేక చదువగలరు, ఎందఱు భాగహారము చేయగలరు, ఉపాధ్యాయులు చాలినంతమంది యున్నారా యని యడుగుడు. నెలకొకమాఱు బడి గడప త్రొక్కుడు. చోటు దొరకని బిడ్డను పేరుపెట్టి పిలిచి ఒక మంచిమాట చెప్పుడు.

1855 ప్రాంతమున మన రైతులు జాబితాలో ఎవరి పేరున్నదని చూడలేదు. ఊరికి బడి కావలెనని తమ చేతిసొమ్ము వేసికొనిరి. వారు విడిచిన బిడ్డలను గూడ కలుపుకొని ఆ పనిని పూర్తిచేయుట మన వంతు.