జర్మను భాషాభ్యాసమున సంభాషణము

పరభాష నభ్యసించువానికి మొదటి మెట్టుకంటె నడిమి మెట్టే కష్టతరము. జర్మను భాష నేర్చువానిఁ జూడుఁడు. నామవాచకముల మూఁడు లింగములను, నాలుగు విభక్తులను, ఉపవాక్యమునఁ గ్రియ కడపటికిఁ బోవు పద్ధతిని అతఁడు రెండు మూఁడేండ్లలోఁ జక్కఁగా నెఱుఁగును. గ్రంథ మిచ్చినచో నిఘంటువు సాయమునఁ జదివి యర్థము చెప్పఁగలఁడు. అట్టివాఁ డొక జర్మను గృహస్థుని యింట భోజనమునకుఁ గూర్చుండి, ఉప్పు నడుగుటకు వాక్యము కూర్చుకొనులోపల సంభాషణ మింకొక విషయమునకు దాఁటిపోవును. శాస్త్రము వచ్చినది, మాట రాలేదు. ఈ లోపమును దీర్చుటకు నిత్యజీవనమును, ఆచారవ్యవహారములను విషయముగాఁ గొని సంభాషించుటయే సాధనమని నేఁటి యుపాధ్యాయులు చెప్పుచున్నారు. ఇది క్రొత్త మతమని పలువురు తలంతురు. చరిత్రను బరిశీలించినచో జర్మను భాష విషయమున సంభాషణమే పూర్వపద్ధతి యనియు, వ్యాకరణమును ముందిడుకొని నేర్పుట తరువాత వచ్చినదనియుఁ దేలుచున్నది.

జర్మను భాషకు సంబంధించిన ప్రాచీన లిఖితములలోఁ గాసెల్ పదపట్టిక యనునది యొకటి. ఇది క్రీ. శ. తొమ్మిదవ శతాబ్దారంభమునాఁటిది. ఇందు శరీరావయవములు, పశువులు, ఇల్లు, పనిముట్లు మున్నగువాని లాటిను పేళ్లకు బవేరియా ప్రాంతపు జర్మను మాటలు సరిగా వ్రాయఁబడినవి. విశేష మేమన, పదములతోపాటు చిన్న వాక్యములును గలవు. వానిలోఁ గొన్ని మంగలియొద్దఁ గూర్చున్నవాఁడు తలవెండ్రుకలు కత్తిరింపు మని చెప్పు మాటలు! రోమకులను వెక్కిరించి బవేరియా వారిని మెచ్చుకొను పరిహాసమును గలదు. ఇంచుమించుగా నా శతాబ్ది చివరనో, పదవ శతాబ్ది మొదటనో పుట్టిన పారిస్ సంభాషణములును ఇట్టివే. జర్మనుదేశమునఁ బయనించు పరదేశి యొకఁడు సేవకులతోను, దారిలోఁ గలిసినవారితోను పలుకవలసిన మాటలు, ఎక్కడ బస చేసితివను ప్రశ్న మొదలు తిట్లవఱకును, ఒక లాటిను గ్రంథపు టంచులలో వ్రాయఁబడియున్నవి. ఈ రెండింటిని వ్రాసినవారు భాషను మాటలాడు మనుష్యునియందుఁ జూచిరి.

తరువాతి సాక్ష్యము వెనీసునగరమునఁ గలదు. అచటి రియాల్టో వంతెన చెంత జర్మను వర్తకులు బస చేసి సరకు లమ్ముకొను పెద్ద సత్ర ముండెను. వారితో వ్యవహరింపఁగోరు ఇటలీ వర్తకుల కుమారులకు జర్మను అవసరమయ్యెను. నూరెంబర్గునుండి వచ్చిన గేయోర్గ్ అను నుపాధ్యాయుఁడు సమీపమున సాన్ బార్తొలొమేయో వాకిటఁ బాఠశాల నడపెను. 1424 నాఁటి యతని బోధగ్రంథము వ్రాఁతప్రతులలో నిలిచియున్నది. ముందుగా విషయానుక్రమమునఁ బదములు, పిదపఁ గ్రియారూపములు, కడపట సంభాషణములు. ఆ సంభాషణములలో వస్త్రపు బేరము సాగును. కొనువాఁడు ధర యెక్కువ యనును, అమ్మువాఁడు నాణ్యమును పొగడును. జర్మను నేర్చుచున్న బాలుని ప్రసంగము నడుమ వచ్చును. ఇందు రెండు సంగతులు గమనింపఁదగినవి. రూపములు విడువఁబడలేదు, అవి సంభాషణమునకు దారిగా నమర్పఁబడినవి. సంభాషణమును శుష్కముగాదు, అది ఆ నగరపు వాణిజ్యమర్యాదల నంతటిని తనయం దిముడ్చుకొన్నది.

ఈ పద్ధతికిఁ దెలుఁగుతోను సంబంధ మున్నది. జర్మను మతబోధకుఁడగు బెంజమిన్ షుల్జ్ 1719లోఁ దరంగంబాడికి వచ్చి, పిమ్మటఁ జెన్నపట్టణమున నివసించి, 1728లో లాటినున నొక తెలుఁగు వ్యాకరణమును రచించెను. అది చాలదని యతనికిఁ దోఁచియుండును. 1743లో మరలి స్వదేశమునకుఁ బోయినవాఁడు 1750లో హాలే నగరమునఁ జెన్నపట్టణమును గూర్చి ముప్పది సంభాషణములుగల గ్రంథమును ముద్రించెను. అవి మొదటఁ దెలుఁగున వ్రాయఁబడి యాంగ్లమునకు మార్పఁబడినవి. నగరవాసుల నడవడి, ఆచారములు, జీవనస్థితి వీని విషయము. మన భాష నేర్చిన జర్మనుఁడు మన జీవనమును సంభాషణరూపమునఁ బట్టుకొనుట, జర్మను నేర్చువారికిఁ జెప్పఁబడుచున్న యుపదేశమునకు ముందే దొరకిన నిదర్శనము.

మఱి వ్యాకరణ మెట్లు ముందునకు వచ్చినది? పదునెనిమిది, పందొమ్మిదవ శతాబ్దులలో నాధునిక భాషలు యూరపు పాఠశాలలలోఁ బ్రవేశించినప్పుడు, లాటినునకుఁగల గౌరవము తమకును రావలెనని లాటిను బోధించు పద్ధతినే యవలంబించినవి. సూత్రము, ఉదాహరణము, అనువాదము: ఇదియే పాఠము. 1783లో మైడింగర్ ప్రకటించిన ఫ్రెంచి వ్యాకరణ మీ పద్ధతికిఁ బేరుగాంచెను. సూత్రమున కతుకుటకై కూర్చిన వాక్యములకుఁ బరస్పరసంబంధము లేదు. వానిని లోకమున నెవ్వఁడును పలుకఁడు.

దీని ఫలమును ఫ్రాన్సువా గువాఁ తన కథచేఁ దెలిపెను. ఇతఁడు ఫ్రాన్సు దేశమున లాటిను నుపాధ్యాయుఁడు. జర్మను నేర్వవలెనని హాంబర్గునకుఁ బోయి మొదట వ్యాకరణమును, 248 నియమాతీతక్రియలను గంఠస్థము చేసి పండితోపన్యాసమును వినఁబోఁగా నొక్క మాటయుఁ దెలియలేదు. మంగలి దుకాణమునఁ గూర్చుండి వచ్చినవారి మాటలు వినుచు, ముందుగాఁ గూర్చుకొన్న వాక్యము నొకటి విసరఁగా వారు నవ్విరి. సిగ్గుపడి గదికి మరలెను. కడపట నిఘంటువులోని 30,000 పదములను ముప్పది దినములలో వల్లించెను. కన్నులు చెడినవి గాని భాష రాలేదు. ఇంటికిఁ దిరిగివచ్చి, మూఁడేండ్ల మేనల్లుఁడు తాను చూచిన పనిని వరుసగాఁ జెప్పుకొనుచు నాడుకొనుట గమనించి, కార్యక్రమమే వాక్యక్రమ మని గ్రహించి, 1880లోఁ దన గ్రంథమును బ్రకటించెను. వేయేండ్లకు ముందు కాసెల్ పట్టికను వ్రాసినవాఁడు మంగలికుర్చీనుండి భాష నేర్పఁజూచెను. గువాఁ యా కుర్చీకడకుఁ బోయియు, నవ్వులకు వెఱచి, నిఘంటువును శరణు సొచ్చెను. మన విద్యార్థులలోఁ బెక్కండ్రు చేయుచున్న దిదియే.

పిమ్మట రెండేండ్లకు, 1882లో, విల్హెల్మ్ ఫియేటర్ మాఱుపేరున నొక చిన్న పుస్తకమును ప్రకటించి, భాషాబోధ వెనుకకు మరలవలెనని ఘోషించెను. బాలురపైఁ బడుచున్న భారమును దగ్గించుటయు నతని యుద్దేశమే. ఉచ్చారణము, మాట, సంబంధముగల పాఠము ముందు. సూత్రము పాఠమునుండి విద్యార్థిచేతనే తీయింపవలెను. అతఁడు వ్యాకరణమును ద్రోసివేయలేదు. దాని చోటు మార్చెను. జర్మనుదేశమునఁ బుట్టి అమెరికాకుఁ బోయిన బెర్లిట్స్ 1878లోఁ బ్రావిడెన్సు పట్టణమునఁ బాఠశాలఁ దెఱచెను. ఆంగ్లము రాని ఫ్రెంచి సహాయకునికిఁ దరగతి నప్పగించి జబ్బుపడి, కోలుకొని వచ్చి చూడఁగా విద్యార్థులు ఫ్రెంచిలో ముచ్చటించుచుండిరి. అప్పటినుండి యతఁడు తర్జుమాను మానెను.

ఇఁక నడిమి మెట్టున నున్నవానికి సంభాషణమే నేర్పఁగల సంగతులు కొన్ని జెప్పెదను. జర్మనులు మూఁడున్నర గంటలను 'హాల్బ్ ఫీర్' అందురు; మాటకు మాటగా 'సగము నాలుగు'. పదముల యర్థము తెలిసియు నాలుగున్నరకుఁ బోయి సిగ్గుపడువారు గలరు. మధ్యమపురుషమునకు 'డూ', 'జీ' యని రెండు రూపములు. 'జీ' యనునది నిజమునకుఁ బ్రథమపురుష బహువచనము. మనవారు గౌరవమునకుఁ 'దమరు' అనుటవంటిది. కాని 'జీ'నుండి 'డూ'నకు దిగుట యెప్పుడన్నది సూత్రమునకు లొంగదు. సాధారణముగాఁ బెద్దవారు ముందుగాఁ బిలువవలెను. చిన్నవాఁడు తొందరపడిన నమర్యాద. పుట్టినదినమునకు ముందే శుభాకాంక్షలు చెప్పుట వారిలో నశుభము. వాక్యము నిర్దుష్టమైనను మాట తప్పు. వ్రాఁతలో భూతకాలమున కొక రూపము. దక్షిణదేశమున మాటలో సహాయక్రియతోఁ గూడిన వేఱొక రూపము.

అన్నిటికంటె సూక్ష్మమైనవి 'డొఖ్', 'యా', 'మాల్', 'హాల్ట్' వంటి చిన్న మాటలు. ఇవి మన 'కదా', 'సుమా', 'మఱి', 'లే' వంటివి. పూర్వపు జర్మను పండితులు వీనిని అతుకుమాటలని నిరసించిరి; మనవారు సంస్కృతమున 'చ', 'వై', 'తు', 'హి' అనువానిని పాదపూరణములనిరి. 1969లో హరాల్డ్ వైట్ వీనిపైఁ బ్రత్యేకగ్రంథము వ్రాసిన తరువాతఁగాని వీనికిఁ దగిన విచారణ లభింపలేదు. ఒక యాజ్ఞను మనవిగా, ఒక ఖండనమును స్నేహోక్తిగా మార్చునవి యివియే. వీనిని నిఘంటువున వెదకిన నర్థము దొరకదు. ఎదుటివాని ముఖమునఁ దెలియును.

సంభాషణ మనఁగా నుబుసుపోక కబుర్లు గావు. 2001లో యూరపు మండలి ప్రకటించిన యాఱు మెట్ల ప్రమాణమున 'బి 2' అను నాలుగవ మెట్టు చేరినవాఁడు స్వభాషీయులతో నాయాసములేక మాటలాడవలెను. తన మతమును హేతువులతో నిలుపవలెను. అట్టి శక్తి వాన, ఎండల మాటలతో రాదు. జర్మనుదేశమున నాదివారము దుకాణము లేల మూయుదురు? సాయంకాల భోజనము రొట్టెతో నేల సరిపెట్టుదురు? ఇందు మీయింటి యాచారమేమి? అని యడిగి, ఖండించి, ఒప్పుకొని, హేతువు చెప్పింపవలెను. సంస్కృతి యిందు అలంకారము గాదు. మాటకుఁ బదార్థమే యది. సంభాషణానంతరము గురువు తప్పులను జూపి సూత్రమును జెప్పినచో నా సూత్రము మఱపునకు రాదు.

మనదేశమున నీ మార్గమునఁ ద్రొక్కిన మహనీయుఁడు గిడుగు రామమూర్తిపంతులు (1863-1940). సవరభాషకు లిఖిత వ్యాకరణము లేనికాలమున, ఆ భాషీయునిఁ దనయింట నుంచుకొని మాటలాడి నేర్చి, 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించెను. ఆయన వ్యావహారికవాదము నంగీకరింపనివారును ఈ క్రమము ననాదరింపలేరు. మాట ముందు, శాస్త్రము వెనుక. శాస్త్రము మాటను బ్రకాశింపఁజేయును, పుట్టింపదు. జర్మను విద్యార్థికి గువాఁ విడిచిపోయిన మంగలికుర్చీ యింకను ఖాళీగానే యున్నది. నవ్వులకు వెఱవక యందుఁ గూర్చున్నవానికే భాష దక్కును.