తాతగారి గిటారు

తాతలు ఊరికే ఏదీ ఇవ్వరు. వస్తువు చేతిలో పెడుతూనే ఓ షరతు కూడా పెడతారు. అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రపు హ్యూస్టన్ నగరంలో ఓ నల్లజాతి తాతగారూ అంతే చేశారు. ఆయన మతబోధకుడు. చర్చిలో గిటారు వాయిస్తూ పాడేవాడు. మనవడికి గిటారు ఇస్తూ, దీనిమీద సైతాను పాటలు మాత్రం వాయించనని మాట తీసుకున్నాడు.

సైతాను పాటలంటే మరేం కాదు, బ్లూస్. పత్తిచేలల్లో బానిసలుగా చాకిరీ చేసినవాళ్ల బిడ్డలు తమ ఆకలినీ, దిగులునీ, వదిలిపోయిన మనుషులనీ తల్చుకుంటూ పాడుకున్న పాటలు. ఆదివారం దేవుణ్ణి పాడే నోటితో శనివారం రాత్రి అవి పాడితే పాపమని పెద్దల బాధ.

మనవడు బుద్ధిగా తలూపాడు. గిటారు చేతికి రాగానే మొట్టమొదట వాయించింది మాత్రం అవే! నిజం చెప్పొద్దూ, నాకు ఆ తాతగారి మీద కూడా అనుమానమే. అంత భయమున్నవాడు అసలు గిటారు ఎందుకిచ్చినట్టు?

ఆ పిల్లాడు జానీ వాట్సన్. పుట్టింది 1935లో. పదిహేనో ఏట తల్లితో లాస్ ఏంజిలిస్ చేరాడు. 1954లో వచ్చిన 'జానీ గిటార్' సినిమా చూసి, ముచ్చటపడి తన పేరు మధ్యలో గిటార్ తగిలించుకున్నాడు. అదే ఏడు గిటారుని కీచుమనిపిస్తూ, ప్రతిధ్వనులు మోగిస్తూ 'స్పేస్ గిటార్' అని ఓ రికార్డు ఇచ్చాడు. జనానికి ఎక్కలేదు. మహాగాయని ఎటా జేమ్స్ మాత్రం, తాను పాడటం నేర్చుకున్నది అతని పద్ధతి చూసేనని బాహాటంగా చెప్పుకుంది. ఆడగొంతుకి మగవాడు ఒరవడి కావడం విడ్డూరమే కదూ!

డెబ్భైలు వచ్చేసరికి నల్లజాతి కుర్రకారు బ్లూస్ వదిలేసి ఫంక్ వెంట పడ్డారు. ఫంక్‌లో రాగం కంటే లయది పెత్తనం. గిటారైనా బాకా అయినా డోలులా దరువు వెయ్యాల్సిందే. నలభై దాటితే మనమంతా "మా రోజుల్లో..." అని మొదలెడతామా, ఇతను తళతళలాడే కోటూ, టోపీ తొడుక్కుని ఆ గుంపులో దూరాడు. 1976 నుంచి వచ్చిన రికార్డుల్లో చాలా వాయిద్యాలు తనే వాయించాడు. 1977లో అతనికి పేరు తెచ్చిన పాట దేని గురించనుకున్నారు? పెరిగిపోతున్న ధరల గురించి! 1980లో టెలిఫోను బిల్లు మీద ఇంకోటి. పాట కంటే మాటే ఎక్కువగా సాగే ఆ పద్ధతి తర్వాత వచ్చిన ర్యాప్‌కి దగ్గర చుట్టం. ర్యాప్ కుర్రాళ్లు అతని పాత రికార్డుల్లోంచి ముక్కలు తీసుకుని తమ పాటల్లో అతికించుకున్నారు కూడా. దిగులు పాత బ్లూస్‌దే. కాకపోతే ప్రియురాలి స్థానంలో పచారీ కొట్టు వచ్చింది. ఆ దిగులు మనకు తెలియనిదా?

1996 మే 17న, జపాన్‌లోని యోకొహామాలో వేదిక మీద వాయిస్తూ వాయిస్తూ గుండె ఆగి కూలిపోయాడు. అరవై ఒకటో ఏట. అప్పుడూ భుజాన గిటారే ఉంది.