కోసిన పచ్చిక యెటుపోయెను?

విశాలములైన ఉద్యానములను, క్రీడారంగములను, ప్రభువుల మేడల చుట్టునుండు పచ్చిక బయళ్లను పోషించువారికి పని రెండు విధములు: పెరిగిన గడ్డిని కోయుట యొకటి, కోసిన గడ్డిని సాగనంపుట మరియొకటి. చరిత్రకారులు సాధారణముగా మొదటిదానినే, అందును యంత్రముల వైభవమునే వర్ణించి, రెండవదానిని తోటమాలికి వదలివేసిరి. ఈ వృత్తియొక్క అసలు చరిత్ర ఆ రెండవ పనియందే యున్నదని నా అభిప్రాయము.

లాన్సెలాట్ బ్రౌను (1716–1783) వంటి ఉద్యానశిల్పులు ఇంగ్లండు ధనికుల గుమ్మములవరకు పచ్చిక పరచిన కాలమున దూరపు బయళ్లను గొర్రెలు మేసి పొట్టిగా నుంచెడివి. అవి మేడ మెట్లెక్కకుండ, కిటికీనుండి చూచువారికి కానరాని కందకములను త్రవ్వించెడివారు. మేడకు చేరువనున్న పచ్చికను మాత్రము మనుష్యులే కోయవలసియుండెను. వారి కొడవలి మనదానివలె కూర్చుండి పట్టునది కాదు. నిలుచుండి, పొడుగైన పిడిని రెండు చేతుల పట్టి, నేలబారుగా అర్ధచంద్రాకృతిని విసరునది. ఎండిన పరక వంగి కత్తిని తప్పించుకొనును, తడిసినది తెగును. కావున మంచు ఆరకమునుపే పని ముగించుట వారికి నియమమయ్యెను. కోతగాండ్ర వెనుక స్త్రీలును పిల్లలును చీపుళ్లతో ఊడ్చి గడ్డిని ఎత్తిపోసెడివారు. అది పశువుల మేతకో, ఎరువుకుప్పకో చేరెడిది. ఆ కాలమున దానిని చెత్త యని తలచిన వారుండరు.

గ్లాస్టర్‌షైరులోని స్ట్రౌడు ప్రాంతము ఉన్ని బట్టల మిల్లులకు ప్రసిద్ధము. నేసిన బట్టపై లేచిన నూగును సమముగా కత్తిరించుటకు అచ్చట తిరుగుడు కత్తులుగల యంత్రములుండెడివి. ఎడ్విన్ బియర్డ్ బడ్డింగ్ అను పనివాడు వానిని చూచి, బట్టపై నూగును కోయు కత్తి నేలపై గడ్డిని ఏల కోయరాదని యోచించి, జాన్ ఫెర్రబీ అను ఇనుపకర్మాగారపు యజమానితో కూడి 1830 ఆగస్టు 31వ తేదీన పేటెంటు పొందెను. వెనుక రోలరు దొర్లగా పళ్లచక్రముల మూలమున ముందరి కత్తుల రీలు అంతకంటె ఎన్నో రెట్లు వేగముగా తిరుగును; తెగిన గడ్డి ముందున్న పెట్టెలోనికి ఎగసి పడును. కోతతోపాటు గడ్డి పోవలసిన చోటును సైతము ఆ మహానుభావుడు ఆలోచించెననుటకు ఈ పెట్టెయే నిదర్శనము. గ్రామీణ ప్రభువులు ఈ యంత్రమును స్వయముగా త్రోసినచో వినోదమును ఆరోగ్యమును గలుగునని కూడ ఆయన వ్రాసెను. ఆ ఇనుప బరువును త్రోసిన ప్రభువు లెందరో!

ఇప్స్విచ్ పట్టణపు రాన్సమ్ సంస్థ 1832లో దీనిని లైసెన్సుపై చేయనారంభించెను. లండనులోని రీజెంట్స్ పార్కు జంతుప్రదర్శనశాలలో, ముందు లాగువాడొకడు, వెనుక త్రోయువాడొకడు, ఇద్దరే కొడవళ్లును చీపుళ్లును పట్టిన ఆరెనిమిదిమంది పని చేయుచున్నారని అచటి మేస్త్రీ సాక్ష్యమిచ్చెను. ఆ లెక్కలో చీపుళ్లను గూడ చేర్చుట గమనింపదగినది: యంత్రము తొలగించినది కోతగాండ్రను మాత్రమే గాదు, ఊడ్చువారిని కూడ.

1842లో స్కాట్లండులోని అర్బ్రోత్‌కు చెందిన అలెగ్జాండర్ షాంక్స్ 27 అంగుళముల వెడల్పుగల యంత్రమును పొట్టిగుఱ్ఱముచే లాగించెను. గిట్టలు పచ్చికను గ్రుచ్చకుండ గుఱ్ఱమునకు తోలుబూట్లు తొడిగెడివారు. ఈ ఏర్పాటునందొక సొగసు కలదు: యంత్రమును లాగునదియు, గడ్డి తినునదియు, దాని లద్దెచే ఎరువుకుప్పను పండించునదియు ఒక్కటే ప్రాణి. 1893లో లేలండునందు జేమ్స్ సమ్నర్ ఆవిరి యంత్రమును, 1902లో రాన్సమ్ వారు పెట్రోలు యంత్రమును తెచ్చినపిదప ఆ చక్రము తెగెను. పెట్రోలు యంత్రము గడ్డి తినదు. గుఱ్ఱము వెడలిన దినమునుండియే కోసిన పచ్చిక చెత్తయైనది.

చెత్తయైన పచ్చిక చేయు అల్లరి తోటపనివారికి తెలియును. పచ్చిగడ్డిని ఒక్కటే కుప్పవేసినచో అది అంటుకొని ముద్దయై, గాలి చొరక, లోపల వేడెక్కి, కుళ్లి, దుర్గంధము వెదజల్లును. దీనికి శాస్త్రీయమగు విరుగుడు దొరికినది ఇంగ్లండునందు గాదు, మన దేశమున: 1924 మొదలు 1931 వరకు ఇందోరులో పరిశోధించిన ఆల్బర్ట్ హోవర్డు, చీనా రైతుల పద్ధతులను, మన పల్లెల పేడకుప్పలను కలిపి యోచించి, పచ్చిదానిని ఎండుటాకులతోను, పశువుల పేడతోను పొరలుగా వేసి, తేమ ఆరనీయక, నడుమ నడుమ తిరుగవేసినచో సుమారు మూడు మాసములలో ఎరువగునని నిరూపించెను. యశ్వంత్ వాడ్‌తో కలిసి ఆయన 1931లో ప్రకటించిన గ్రంథము దీనినే బోధించును. గాలి, తేమ, పచ్చి, ఎండు — ఈ నాలుగింటి పాళమే కిటుకు.

కోసిన గడ్డిని ఎత్తకయే వదలు మరియొక మార్గమునకు పిదప బీజము పడెను: 1952లో సిడ్నీయందు మెర్విన్ రిచర్డ్‌సన్, పండ్ల డబ్బాను పెట్రోలు తొట్టిగా బిగించి, నేలకు సమాంతరముగ గిరగిర తిరుగు కత్తుల యంత్రమును తయారుచేసెను. ఆ జాతి యంత్రములనుండియే నేడు పరకలను నలిపి పచ్చికలోనే రాల్చునవి వెలువడినవి. ఏపుగా ఎదిగిన గడ్డికి అవి చాలవు. తరచు కోయు బయలునకు చక్కగా పనికివచ్చును.

మన పట్టణముల ఉద్యానములలో రాలిన ఆకులను ఒక మూల తగులబెట్టుటయు, కోసిన పచ్చికను సంచులలో పారవేయుటయు నేటికిని కననగును. ఒకదానికొకటి మందుగా పనికివచ్చు ఈ రెండింటిని వేరువేరుగా నాశనము చేయుచు ఎరువును కొని తెచ్చుట బొత్తిగా తెలివిమాలిన ఖర్చు. కోతయంత్రమునకు ధనము కేటాయించు అధికారులు, అదే పద్దున రెండు ఎరువుగుంటలకును, వానిని తిరుగవేయు ఒక మనిషికిని కూడ చోటు కల్పింతురు గాక!