41 నెలల జీతం, 70 ఏళ్ళ ఎదురుచూపు | డచ్ ప్రభుత్వం ఎగ్గొట్టిన బాకీ కథ

ఈ రోజు ఎపిసోడ్ యుద్ధం గురించే. కానీ తుపాకుల గురించి కాదు, జీతం గురించి.

మీ ఇంట్లో గవర్నమెంట్ ఉద్యోగి ఎవరైనా ఉంటే "అరియర్స్" అనే మాట వినే ఉంటారు. మా తాతయ్య రిటైర్ అయ్యాక కూడా పాత పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరిగేవాడు. "ఇంకా రావాలిరా" అనేవాడు. చిన్నప్పుడు నాకు నవ్వొచ్చేది. ఈ కథ చదివాక మాత్రం రాలేదు.

ఇప్పుడు ఒకటి ఊహించుకోండి. మీరొక ప్రభుత్వ ఉద్యోగి. యుద్ధం వచ్చింది. శత్రువు మిమ్మల్ని పట్టుకుని మూడున్నరేళ్ళు క్యాంపులో పెట్టాడు. బతికి బయటపడ్డారు. ఆఫీసుకెళ్ళి "సార్, ఈ మూడున్నరేళ్ళ జీతం?" అని అడిగితే, "అది మేం ఇవ్వాల్సింది కాదు" అన్నారు. ఎలా ఉంటుంది?

సరిగ్గా ఇదే జరిగింది, డచ్ ఈస్ట్ ఇండీస్‌లో. అంటే ఇప్పటి ఇండోనేషియా. మనల్ని బ్రిటిష్ వాళ్ళు ఏలినట్టు అక్కడ డచ్ వాళ్ళు ఏలేవారు. కలెక్టర్లు, టీచర్లు, పోస్టాఫీసు వాళ్ళు, రైల్వే వాళ్ళు, అందరికీ జీతం ఆ కాలనీ ప్రభుత్వమే ఇచ్చేది. ఆ కాలనీకి సొంత సైన్యం కూడా ఉంది. దాని పేరు రాయల్ నెదర్లాండ్స్ ఈస్ట్ ఇండీస్ ఆర్మీ.

1942 మొదట్లో జపాన్ దండెత్తింది. మార్చి 8న డచ్ వాళ్ళు లొంగిపోయారు. దాదాపు 42,000 మంది సైనికులు యుద్ధ ఖైదీలయ్యారు. సుమారు లక్ష మంది సామాన్య పౌరుల్ని క్యాంపుల్లో పెట్టారు. మగవాళ్ళని ఒకచోట, ఆడవాళ్ళని, పిల్లల్ని ఇంకోచోట. గవర్నర్ జనరల్‌ని కూడా వదల్లేదు. బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, చిడెంగ్ అనే పేటని కంచె వేసి ఆడవాళ్ళ క్యాంపుగా మార్చారు. ఆకలి, విరేచనాలు, మలేరియా. సైనిక ఖైదీల్లో దాదాపు ఐదుగురిలో ఒకరు తిరిగి రాలేదు.

1945 ఆగస్టు 15న జపాన్ లొంగిపోయింది. లెక్క వేస్తే 41 నెలలు. ఆ 41 నెలల జీతం బాకీ.

ఇక్కడే అసలు మెలిక. అదే క్యాంపులో పక్కపక్కనే పడుకున్న ఇద్దరు ఖైదీల్ని తీసుకోండి. ఒకడు డచ్ నేవీ వాడు. నేవీకి జీతం ఇచ్చేది నేరుగా నెదర్లాండ్స్ ప్రభుత్వం, కాబట్టి వాడికి వచ్చింది. రెండోవాడు కాలనీ సైన్యం వాడు, లేదా కాలనీ ఆఫీసు గుమస్తా. వాడికి జీతం ఇవ్వాల్సింది కాలనీ ఖజానా. వాడికి రాలేదు. ఆకలి ఒకటే, దెబ్బలు ఒకటే. జీతం మీద సంతకం పెట్టే ఆఫీసు మాత్రం వేరు!

మరి ఆ కాలనీ ఖజానా ఏమైంది? 1945 ఆగస్టు 17న సుకర్నో, హట్టా స్వాతంత్ర్యం ప్రకటించారు. నాలుగేళ్ళు పోరాటం జరిగింది. 1949లో హేగ్‌లో రౌండ్ టేబుల్ సమావేశం పెట్టి, డిసెంబర్ 27న డచ్ వాళ్ళు అధికారం అప్పగించారు. దాంతో పాటు ఏం అప్పగించారో తెలుసా? కాలనీ అప్పులు కూడా. సుమారు 430 కోట్ల గిల్డర్లు! కొత్తగా పుట్టిన దేశం నెత్తిన పాత యజమాని అప్పు.

మనకి ఇది అర్థం కావడం కష్టమేం కాదు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఏ ఆస్తి ఎవరిది, ఏ బకాయి ఎవరిది అని ఎన్నేళ్ళు నలిగిందో చూశాం కదా. అక్కడా అంతే. జీతాల కోసం వెళ్ళినవాళ్ళకి డచ్ ప్రభుత్వం చెప్పిన సమాధానం సింపుల్: "మీ యజమాని మేం కాదు, ఆ కాలనీ. ఇప్పుడది ఇండోనేషియా. వెళ్ళి వాళ్ళని అడగండి." కోర్టుకెళ్తే 1950ల్లో డచ్ సుప్రీంకోర్టు కూడా ఇదే మాట ఖాయం చేసింది. ఇక 1956లో ఇండోనేషియా మిగిలిన అప్పు కట్టేది లేదని తేల్చేసింది. ఉద్యోగులు మధ్యలో ఇరుక్కుపోయారు.

నన్నడిగితే ఇండోనేషియాని తప్పుపట్టలేను. మనల్ని ఏలడానికి వచ్చిన అధికారి జీతం మనమెందుకు కట్టాలి? కానీ నెదర్లాండ్స్ మాటేంటి? ఆ కాలనీ నుంచి మూడు వందల ఏళ్ళు లాభం తీసుకున్నప్పుడు అది "మాది". జీతం ఇవ్వాల్సి వచ్చేసరికి అది "వేరే సంస్థ"! నాకు మింగుడుపడనిది ఈ మాటే.

అంటే అస్సలు ఏమీ ఇవ్వలేదని కాదు. యుద్ధం అయ్యాక కొంత సహాయం చేశారు. 1956లో జపాన్‌తో ఒప్పందం చేసుకుని, పౌర ఖైదీల కోసం కోటి డాలర్లు తీసుకున్నారు. 1981లో చట్టం చేసి అర్హులైన కుటుంబ పెద్దలకి 7,500 గిల్డర్లు ఇచ్చారు. కానీ ఇవన్నీ సాయాలు. "ఇది నీ జీతం, ఇదిగో తీసుకో" అని మాత్రం ఎవరూ అనలేదు. వాళ్ళు అడిగింది దయ కాదు, లెక్క.

చివరికి 2015లో ప్రభుత్వం దిగొచ్చింది. ఒక్కొక్కరికి 25,000 యూరోలు, అప్పటి రేటులో మన 17, 18 లక్షలు. బాగుంది కదా? కండిషన్ వినండి. 2015 ఆగస్టు 15 నాటికి ఆ ఉద్యోగి బతికి ఉండాలి. 1942లో 20 ఏళ్ళ కుర్రాడికి 2015లో 93 ఏళ్ళు! అప్పటికి బతికి ఉన్నది ఓ 1,100 మంది అని ప్రభుత్వం అంచనా. ముందు రోజు పోయినవాడికి లేదు. భార్యకి లేదు, పిల్లలకి లేదు. బాకీ తీర్చడానికి చాలామంది పోయేదాకా ఆగినట్టే అయింది.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. ఈ ఖైదీల్లో వేల మందిని జపాన్ వాళ్ళు బర్మా-థాయిలాండ్ రైలు మార్గం పనికి తోలుకెళ్ళారు. అదే పట్టాల మీద మలయా రబ్బరు తోటల నుంచి తెచ్చిన కూలీలు కూడా పనిచేశారు. ఎక్కువమంది తమిళులు, వాళ్ళలో మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. వేలకు వేలు అడవిలోనే పోయారు. డచ్ గుమస్తాకి కనీసం ఒక రిజిస్టర్‌లో పేరుంది. నెలకి ఇంత జీతం అని రాసుంది. అందుకే 70 ఏళ్ళ తర్వాతైనా అడగగలిగాడు. మన కూలీకి చాలాసార్లు పేరే రాయలేదు. ఇక బాకీ ఎవరు అడుగుతారు?

ఇప్పుడు తలచుకుంటే మా తాతయ్య ఆ పాస్‌బుక్ ఎందుకు పారేయలేదో తెలుస్తోంది. అందులో ఆయన పేరుంది, చేసిన పని ఉంది. ఫ్రెండ్స్, మీ పే స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్లు ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో దాచుకోండి. నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నాను.

ఇండోనేషియా ఇవ్వాలా, నెదర్లాండ్స్ ఇవ్వాలా? చనిపోయినవాళ్ళ కుటుంబాలకి ఇవ్వాల్సిందా, కాదా? మీరేమంటారో కామెంట్‌లో రాయండి. ఇంట్లో అరియర్స్ కోసం చూస్తున్న పెద్దవాళ్ళుంటే ఈ వీడియో వాళ్ళకి కూడా చూపించండి. మళ్ళీ కలుద్దాం, సెలవు.