గోరంత ఆర్కిడ్, గోవిందు పేరు



రైల్వే ఉద్యోగం నుంచి రిటైరైనాక మా ఇద్దరికీ దొరికిన కాలక్షేపం పూలమొక్కలు. మన హోసూరు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉండే చల్లటి తావు. రోజాలు ఇంత బాగా వచ్చే ఊర్లో ఆర్కిడ్ మాత్రం ఎందుకు రాదని అనుకొన్నాము. అది తప్పని తెలిసేలోపల ఒక మొక్కను చంపుకొన్నాము.

కొడగులో ఉండే మా స్నేహితులొకరు గాలివానకు విరిగిపడిన కొమ్మ ముక్క ఒకటి ఇచ్చినారు. దాని బెరడు మీద చొక్కా గుండీల మాదిరి చదునైన చిన్న గడ్డలు, వాటి మీద వల అల్లినట్టు సన్నటి నార. పేరు పోర్పాక్స్ జెర్డోనియానా. వానకాలంలో రెండు ఆకుల నడుమ గోరంత ఎర్రటి పువ్వు పూస్తుంది.

ఎండకాలం రాగానే ఆకులు రాలిపోయినాయి. ఎండిపోతుందేమోనని భయపడి మిద్దె మీద దినమూ రెండు పూటలా నీళ్లు పోసినాము. కొన్నాళ్లకే గడ్డలు మెత్తబడి కుళ్లిపోయినాయి.

తరువాత చదివి తెలుసుకొన్నాము. పడమటి కనుమల్లో ఇది నాచు పట్టిన మానుల మీద ఉంటుంది. వానకాలమంతా తడి, ఆ తరువాత నెలల తరబడి పొడి. ఆ పొడి కాలంలో ఆకులు రాల్చి, గడ్డలో దాచుకొన్న నీళ్లతో నిద్రపోతుంది. నిద్రపోయేదాన్ని మేము లేపి లేపి చంపినాము. ఇది బదనిక కాదు, మాను రసం పీల్చదు. బెరడు ఆసరాగా ఉంటే చాలు, గాలిలోని తడితో, వాననీళ్లతో బతుకుతుంది. ఆర్కిడ్ విత్తనమో, దుమ్ము మాదిరి ఉంటుంది. అందులో తిండి నిలవ ఉండదు. తగిన శిలీంధ్రం తోడైతేనే అడవిలో మొలుస్తుంది. ఈ సంగతి 1899లో ఫ్రాన్సు దేశపు నోయెల్ బెర్నార్ కనిపెట్టినాడు. మొక్కను పెరుక్కొని వస్తే దాని తావు మనతో రాదని మాకు అప్పుడు అర్థమయింది.

ఈ మొక్క చరిత్ర వెతకబోతే ఇంకో సంగతి బయటపడింది. మద్రాసు రాజధానిలో కుంపిణీ వైద్యుడుగా పనిచేసిన రాబర్ట్ వైట్ 1838 నుంచి 1853 వరకు దక్షిణదేశపు మొక్కల మీద 2101 బొమ్మలతో పెద్ద గ్రంథం అచ్చువేసినాడు. మన చిన్న ఆర్కిడ్‌కు లికినోరా జెర్డోనియానా అని మొదటి పేరు పెట్టిందీ ఆయనే. వైట్ దగ్గర బొమ్మలు గీసినవాళ్లు ఇద్దరు. ముందు రంగయ్య, 1845 ప్రాంతం నుంచి గోవిందు. మన అవ్వతాతల పేర్ల మాదిరి లేవా ఇవి?

గోవిందు పనితనం మెచ్చి వైట్ 1853లో ఒక ఆర్కిడ్ జాతికే గోవిందూయా అని పేరు పెట్టినాడు. ఆ పేరు నిలవలేదు. శాస్త్రంలో పేర్లకు మా రిజర్వేషన్ కౌంటరు రూలే, ముందు వచ్చినవాళ్లకే సీటు. అదే జాతికి లిండ్లీ 1833లోనే ట్రోపిడియా అని పేరు పెట్టి ఉన్నాడు. గోవిందు పేరు పక్కకు పోయింది. లికినోరా కూడా అట్లే పోర్పాక్స్‌లో కలిసిపోయింది.

మేము తమిళ బడిలో చదివినవాళ్లము. తెలుగు అక్షరాలు ఇంట్లో కూడబలుక్కొని నేర్చినాము. రంగయ్య, గోవిందు అని తెలుగులో రాసుకొని చూసినప్పుడు మాకు గొంతు పట్టుకొంది. పుస్తకంలో పక్కకు పోయిన పేరును మనమైనా నోట్లో ఉంచుకోవద్దా?

అందుకే సభ్యులకు రెండు మనవులు. పాత మామిడి మానుల మీద వాండా టెసెల్లాటా వంటి ఆర్కిడ్ కనబడితే పెరుక్కొని రావద్దండి. అక్కడే చూసి, ఫొటో తీసుకొని రండి. రెండోది, వచ్చే ఉగాదికి మన పిల్లలకు బొమ్మల పోటీ పెడితే, గీసే ముందు వాళ్లకు రంగయ్య, గోవిందుల కథ చెప్పండి. కావాలంటే ఆ ఎండిన కొమ్మను మేమే తెచ్చి చూపిస్తాము. ఇంకా మా మిద్దె మీదనే ఉంది.