ప్లీడరు గుమాస్తా

న్యాయవాది కార్యాలయంలో దావా కాగితాలు సిద్ధం చేయుట, వాటిని కోర్టులో దాఖలు చేయుట, వాయిదాల లెక్క చూచుట, నకళ్ళు తీసుకొనుట మొదలైన పనులు నిర్వహించే సహాయకుని ప్లీడరు గుమాస్తా అంటారు. వకీలు గుమాస్తా, అడ్వొకేటు క్లర్కు అనే పేర్లు కూడా వాడుకలో ఉన్నాయి. పెద్ద న్యాయవాద సంస్థలలోను, కంపెనీల న్యాయ విభాగాలలోను ఇదే తరహా పని చేసేవారిని లీగల్ సెక్రటరీ లేదా లీగల్ అసిస్టెంటు అంటారు. కంపెనీ సెక్రటరీ వృత్తి దీనికి భిన్నమైనది. అది 1980 నాటి కంపెనీ సెక్రటరీల చట్టం కిందకు వచ్చే ప్రత్యేక వృత్తి.

ఈ పనికి నిర్ణీతమైన పట్టా ఏదీ లేదు. ఒక సీనియరు గుమాస్తా వద్ద చేరి నేర్చుకొనవలసినదే. అయినప్పటికీ కక్షిదారుని హక్కు నిలుచుటయో పోవుటయో అనేక సందర్భాలలో గుమాస్తా డైరీలో రాసుకొన్న ఒక్క తేదీపై ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

గుమాస్తా అనేది పారశీకం నుండి వచ్చిన పదం. బ్రిటిషు పాలనలో కోర్టులు ఏర్పడిన తరువాత బారిస్టర్లు, వకీళ్ళు, ఫస్టు గ్రేడు, సెకండు గ్రేడు ప్లీడర్లు అని న్యాయవాదులలో పలు తరగతులు ఉండేవి. 1961 నాటి అడ్వొకేట్ల చట్టం ఈ భేదాలను తొలగించి అందరినీ అడ్వొకేట్లుగా చేసింది. చట్టంలో ప్లీడరు తరగతి పోయినా, ప్రజల నోట "ప్లీడరు గుమాస్తా" అన్న మాట మాత్రం నిలిచిపోయింది.

విశాఖపట్నం జిల్లా కోర్టులు మొదట 1862లో ఏర్పడిన మద్రాసు హైకోర్టు పరిధిలో ఉండేవి. ఆంధ్ర హైకోర్టు 1954 జూలైలో గుంటూరులో ప్రారంభమై, 1956లో హైదరాబాదుకు మారింది. 2019 జనవరి 1న అమరావతి ప్రధాన స్థానంగా ఆంధ్ర ప్రదేశ్ హైకోర్టు ఏర్పడింది. హైకోర్టు మారిన ప్రతిసారీ జిల్లాలలోని గుమాస్తాలు అప్పీలు కాగితాలు పంపే దారి కూడా మారింది.

విధులు

ఒక సివిలు దావా నడిచే క్రమంలో గుమాస్తా చేసే ముఖ్యమైన పనులు ఇవి:

* కాగితాలు సిద్ధం చేయుట: ప్లైంటు, దస్తావేజుల జాబితా, వకాలతునామా, అఫిడవిట్లు క్రమంలో పెట్టి కట్టుట. ఆంధ్ర ప్రదేశ్ కోర్టు ఫీజుల, దావాల విలువ నిర్ణయ చట్టం (1956) ప్రకారం చెల్లించవలసిన కోర్టు ఫీజు లెక్క కట్టుట.
* దాఖలు చేయుట: కోర్టు కార్యాలయం కాగితాలను పరిశీలించి, లోపాలు ఉంటే అభ్యంతరాలు రాసి తిప్పి పంపుతుంది. దీనిని "రిటర్ను" అంటారు. ఇచ్చిన గడువులోగా వాటిని సరిచేసి మరల దాఖలు చేయాలి. అప్పుడే దావాకు నంబరు పడుతుంది.
* బత్తా కట్టుట: ప్రతివాదికి సమన్లు పంపుటకు కావలసిన రుసుము చెల్లించి, సరియైన చిరునామాతో కవర్లు అందజేయుట. బత్తా కట్టనందువలన వాయిదాలు వృథా అయిన దావాలు కొల్లలు.
* వాయిదాల డైరీ: ప్రతి కేసుకు వాయిదా తేదీ, ఆ రోజు జరుగవలసిన పని, తరువాతి తేదీ రాసుకొనుట.
* నకళ్ళు తీసుకొనుట: తీర్పు, డిక్రీ, వాంగ్మూలాల ధ్రువీకృత నకళ్ళకు దరఖాస్తు పెట్టుట, స్టాంపులు అడిగిన వెంటనే జమ చేయుట.

కేసు నంబరుకు ముందు ఉండే పొడి అక్షరాలను చూచి కేసు స్వభావం చెప్పగలుగుట గుమాస్తాకు తొలి పాఠం. ఓ.ఎస్. అనగా అసలు దావా, ఏ.ఎస్. అనగా అప్పీలు, ఐ.ఏ. అనగా దావా మధ్యలో వేసే దరఖాస్తు, ఈ.పీ. అనగా డిక్రీ అమలు కొరకు వేసే దరఖాస్తు. క్రిమినలు కేసులలో సి.సి. మేజిస్ట్రేటు కోర్టు కేసును, ఎస్.సి. సెషన్సు కేసును సూచిస్తాయి.

గడువుల లెక్క

గుమాస్తా పనిలో అతి ముఖ్యమైనది ఇదే. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం అప్పు వసూలు దావాకు సాధారణంగా మూడేళ్ళు గడువు. అప్పీళ్ళు, దరఖాస్తులు ఆలస్యమైతే తగిన కారణం చూపి సెక్షను 5 కింద మన్నింపు కోరవచ్చును. కాని దావాకు ఈ సెక్షను వర్తించదు. గడువు దాటి ఒక్క రోజు ఆలస్యమైనా, కారణం ఎంత న్యాయమైనదైనా ఈ సెక్షను ఆదుకొనదు. చివరి రోజు కోర్టుకు సెలవైతే మాత్రం, తిరిగి తెరచిన రోజున దాఖలు చేయవచ్చును.

సివిలు అప్పీలుకు జిల్లా కోర్టులో 30 రోజులు, హైకోర్టులో 90 రోజులు గడువు. తీర్పు చెప్పిన రోజును, నకలు పొందుటకు అవసరమైన కాలాన్ని ఈ లెక్క నుండి తీసివేస్తారు. ఉదాహరణకు, మార్చి 3న తీర్పు వెలువడినచో జిల్లా కోర్టులో అప్పీలుకు గడువు ఏప్రిల్ 2తో ముగియాలి. నకలు కొరకు మార్చి 10న దరఖాస్తు పెట్టగా మార్చి 24న సిద్ధమైనచో, ఆ రెండు తేదీలతో కలిపి 15 రోజులు కలిసివస్తాయి. గడువు ఏప్రిల్ 17 వరకు ఉంటుంది. అయితే స్టాంపులు జమ చేయుటలో కక్షిదారు చేసిన జాప్యం ఈ మినహాయింపులోకి రాదు. దరఖాస్తు పెట్టిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, జమ చేసిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, తీసుకొన్న తేదీ నకలుపై రాసి ఉండుటకు కారణం ఇదే.

చెల్లని చెక్కు కేసులలో బ్యాంకు నుండి సమాచారం అందిన 30 రోజులలోగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందుకొన్నవానికి సొమ్ము చెల్లించుటకు 15 రోజుల వ్యవధి ఉంటుంది. అప్పటికీ చెల్లించనిచో ఆ తరువాత ఒక నెలలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. వాణిజ్య దావాలలో సమన్లు అందిన 120 రోజుల తరువాత ప్రతివాది తన జవాబు దాఖలు చేసే హక్కును కోల్పోతాడు.

కావలసిన నైపుణ్యాలు

*రెండు భాషలు.* హైకోర్టు వ్యవహారాలు ఇంగ్లీషులో జరుగుతాయి. కక్షిదారులు చెప్పేది, దస్తావేజులలో రాసి ఉండేది తెలుగు. పాత దస్తావేజుల చేతిరాతను చదివి, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు తప్పు లేకుండా ఎత్తి రాయగలగాలి. షెడ్యూలులో తూర్పు పడమరలు తారుమారైతే, గెలిచిన డిక్రీ కూడా అమలు వేళ చిక్కులలో పడుతుంది.

*టైపు, సంక్షిప్తలిపి.* రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి తెలుగు, ఇంగ్లీషు భాషలలో టైపు, షార్ట్‌హ్యాండు పరీక్షలు నిర్వహిస్తుంది. ఇంగ్లీషు టైపులో లోయరు స్థాయికి నిమిషానికి 30 పదాలు, హయ్యరు స్థాయికి 45 పదాల వేగం కావాలి. పదవ తరగతి తరువాత పాలిటెక్నిక్కులలో చదివే కమర్షియల్ అండ్ కంప్యూటర్ ప్రాక్టీసు డిప్లొమా కూడా ఈ పనికి ఉపకరిస్తుంది.

*కంప్యూటరు పరిజ్ఞానం.* 2007లో మొదలైన ఈ-కోర్టుల పథకం వలన కేసు వివరాలు అంతర్జాలంలో లభిస్తున్నాయి. ప్రతి కేసుకు సి.ఎన్.ఆర్. అనే 16 అక్షరాల, అంకెల గుర్తు ఉంటుంది. కాగితాలను స్కాను చేసి, పుటల సంఖ్యలు వేసి, ఈ-ఫైలింగు చేయుట నేటి గుమాస్తాకు తప్పనిసరి. అయితే కంప్యూటరు తెర వాయిదా తేదీని చూపుతుందే గాని, ఆ రోజుకు ఏ సాక్షిని సిద్ధం చేయాలో చెప్పదు. అందుచేత చేతిరాత డైరీ అవసరం ఇంకను తీరలేదు.

*కొత్త చట్టాలు.* 2024 జూలై 1న క్రిమినలు చట్టాలు మారినవి. పాత క్రిమినల్ ప్రొసీజరు కోడులో 482 అనగా హైకోర్టు సహజాధికారాలు. కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహితలో 482 అనగా ముందస్తు బెయిలు. పాత 482 ఇప్పుడు 528 అయినది. అలవాటు చొప్పున పాత సంఖ్య వేసినచో దరఖాస్తు తిరిగివస్తుంది.

గోప్యత, పరిమితులు

కక్షిదారు న్యాయవాదికి చెప్పిన రహస్యాలను గుమాస్తా కూడా కాపాడవలసి ఉన్నది. 1872 నాటి సాక్ష్య చట్టం సెక్షను 127లో ఉన్న ఈ నియమం ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షను 132లో ఉన్నది. ఎదుటి పక్షంవారు ఒకే ఊరివారు, బంధువులు అయినప్పుడు ఈ నియమం పాటించుట కష్టం. దాని విలువ తెలిసేదీ అప్పుడే.

గుమాస్తాకు కోర్టులో వాదించే అధికారం లేదు. అర్హత లేకుండా న్యాయవాద వృత్తి చేసినవారికి అడ్వొకేట్ల చట్టం సెక్షను 45 ప్రకారం ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చును. కమీషను కొరకు కక్షిదారులను పట్టి తెచ్చే దళారులపై చర్యకు 2023లో అదే చట్టంలో 45ఏ సెక్షను చేర్చబడినది.

విశాఖ, దువ్వాడ ప్రాంతంలో

విశాఖపట్నంలో జిల్లా కోర్టు సముదాయంతో పాటు కుటుంబ న్యాయస్థానం, పారిశ్రామిక ట్రిబ్యునలు, రుణ వసూలు ట్రిబ్యునలు మొదలైనవి ఉన్నాయి. దువ్వాడకు సమీపంలోని గాజువాకలో కూడా కోర్టులు ఉన్నాయి. ఉక్కు కర్మాగారం కొరకు జరిగిన భూసేకరణ, కార్మిక వివాదాలు, మోటారు ప్రమాదాలు, చెక్కు కేసులు ఈ ప్రాంతపు గుమాస్తాలకు పరిచితమైన వ్యవహారాలు. దువ్వాడలో 1989లో ఎగుమతుల మండలంగా ఏర్పడి, 2003లో ప్రత్యేక ఆర్థిక మండలిగా మారిన పారిశ్రామిక వాడ ఉన్నది. అక్కడి సంస్థలకు ఒప్పందాలు, లైసెన్సులు, నోటీసుల దస్త్రాలు నిర్వహించేవారు కావాలి. హైకోర్టు పనికి విజయవాడ వైపు వెళ్ళేవారికి దువ్వాడ రైల్వే స్టేషను అనుకూలంగా ఉంటుంది.

రేవు పట్టణంలో కాగితం ఎంత త్వరగా కదలాలో తెలుపుటకు "ఎం.వి. ఎలిజబెత్" కేసు మంచి ఉదాహరణ. గోవాకు చెందిన ఒక సంస్థ వేసిన దావాలో, 1984లో ఈ విదేశీ నౌకను విశాఖపట్నం రేవులో నిలిపివేయుటకు ఆంధ్ర ప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. అటువంటి అధికారం ఆ హైకోర్టుకు ఉన్నదని 1992లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రస్తుతం ఇటువంటి దావాలకు 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం వర్తిస్తుంది. నౌక లంగరు ఎత్తిన తరువాత వచ్చే ఉత్తర్వు వలన ప్రయోజనం ఉండదు కనుక, ఇట్టి కేసులలో కాగితాలు గంటల లెక్కన సిద్ధం కావాలి.

ఉపాధి, భవిష్యత్తు

గుమాస్తా జీతం న్యాయవాది వృత్తిబలాన్ని బట్టి ఉంటుంది. కక్షిదారులు గుమాస్తా ఫీజు అని వేరుగా ఇచ్చే ఆచారం కూడా ఉన్నది. ప్రభుత్వోద్యోగం వలె నిర్ణీత వేతనం, పింఛను లేకపోవుట ఈ వృత్తిలోని పెద్ద లోటు. గుమాస్తాల కొరకు రాష్ట్ర ప్రభుత్వం 1992లో అడ్వొకేటు క్లర్కుల సంక్షేమ నిధి చట్టం చేసింది. ఈ వృత్తిలో చేరేవారు ఆ నిధిలో సభ్యత్వం తీసుకొనుట మంచిది.

ఇక్కడ సంపాదించిన అనుభవంతో ముందుకు పోవుటకు మూడు మార్గాలు ఉన్నాయి. మొదటిది, జిల్లా కోర్టులలో స్టెనోగ్రాఫరు, టైపిస్టు, కాపీయిస్టు వంటి ఉద్యోగాలు. వీటికి హైకోర్టు ప్రకటనలు ఇచ్చి పరీక్షలు జరుపుతుంది. రెండవది, కంపెనీలు, బ్యాంకులు, న్యాయవాద సంస్థలలో లీగల్ అసిస్టెంటు ఉద్యోగం. దీనికి ఇంగ్లీషు, కంప్యూటరు, ఒప్పందాల పరిజ్ఞానం ప్రధానం. మూడవది, లాసెట్ రాసి డిగ్రీ తరువాత మూడేళ్ళు లేదా ఇంటర్మీడియెటు తరువాత ఐదేళ్ళ న్యాయవిద్య చదివి న్యాయవాది అగుట. ఈ చదువుకు తరగతుల హాజరు అవసరం కనుక ఉద్యోగం చేస్తూ చదువుట సులభం కాదు. పూర్తికాలపు జీతగానిగా ఉన్నవారు న్యాయవాద వృత్తి చేయరాదన్న నియమం కూడా గమనించదగినది.

ఈ మూడు మార్గాలకూ మొదటి పెట్టుబడి ఒక్కటే: తప్పు లేని కాగితం, తప్పని తేదీ.

ఇవి కూడా చూడండి

* న్యాయవాది
* వకాలతునామా
* దస్తావేజు లేఖరి
* ఆంధ్ర ప్రదేశ్ హైకోర్టు
* దువ్వాడ
* గాజువాక