యుద్ధవిమానాల ఆటల్లో రాత్రి ఎందుకు ఆలస్యమైంది?

ఎండాకాలం ప్రొద్దుటూరులో మిద్దె మీద పడుకునేవాళ్లకు ఒక సంగతి తెలుసు. పైన విమానం పోతుంటే చుక్కల మధ్య కదిలే దీపం ముందు కనబడుతుంది, చప్పుడు తర్వాత వస్తుంది. అది ఎంత ఎత్తున ఉందో, ఎటు తిరుగుతోందో చెప్పమంటే చెప్పలేం. ఆ దీపం కూడా ఆర్పేస్తే? రెండో ప్రపంచయుద్ధంలో రాత్రిపూట బాంబర్లను వేటాడిన పైలట్ల పని అదే. కంప్యూటర్ మీద ఆడే యుద్ధవిమాన సిమ్యులేటర్లలోకి ఈ పని ఇంత ఆలస్యంగా, ఇంత అరకొరగా ఎందుకొచ్చిందంటే అందరూ చెప్పే జవాబు ఒకటుంది. పాత కంప్యూటర్లకు శక్తి చాలలేదనీ, గ్రాఫిక్స్ కార్డులు బలపడ్డాకే రాత్రిని చూపించడం కుదిరిందనీ. చాలాకాలం నేనూ అదే నమ్మాను. సంవత్సరాలు వరసగా పేర్చి చూస్తే ఆ మాట నిలబడదు.

సిమ్యులేటర్ పుట్టిందే చీకట్లో. 1929లో ఎడ్విన్ లింక్ తయారుచేసిన శిక్షణ పెట్టెకు మూత వేస్తే లోపలివాడికి బయట ఏమీ కనబడదు, ముందున్న ముళ్లను నమ్మి నడపాల్సిందే. 1934లో అమెరికా సైన్యం అలాంటివి ఆరు కొన్నది. 1941 నాటికి అదే లింక్ 45 అడుగుల ఎత్తున, గాదెలాంటి కట్టడం ఒకటి నిలబెట్టాడు. పైకప్పు నిండా నక్షత్రాలు, కింద పైలట్, దారి లెక్కగట్టేవాడు, బాంబు వదిలేవాడు. చుక్కల్ని చూసి రాత్రి దారి తెలుసుకోవడం వాళ్లక్కడ నేర్చుకున్నారు.

కంప్యూటర్ బొమ్మల విషయంలోనూ రాత్రే ముందు. 1970ల మొదట్లో మెక్‌డొనెల్ డగ్లస్ వారి వైటల్, ఆ తర్వాత ఇవాన్స్ అండ్ సదర్‌లాండ్ వారి నోవోవ్యూ అనే దృశ్య యంత్రాలు విమాన సంస్థల పైలట్ల శిక్షణకు వచ్చినప్పుడు అవి చూపింది రాత్రి రన్‌వేలనే. నల్లటి తెర మీద దీపాల చుక్కలు పెడితే చాలు. పొలం, చెట్టు, నీడ, మబ్బు గీయాల్సిన పగలే వాటికి భారమైంది. 1976లో అటారీ తెచ్చిన నైట్ డ్రైవర్ ఆటలోనూ అంతే, నల్లని తెర మీద రోడ్డు పక్క తెల్లటి గుర్తులే రోడ్డు. నలుపు గీయడానికి ఖర్చు లేదు. ఖర్చు లేనిది ఖర్చు వల్ల ఆగిపోయిందంటే ఎలా ఒప్పుకోవడం?

ఇక 1984లో వచ్చిన ద డామ్ బస్టర్స్. 1943 మే 16 రాత్రి లాంకాస్టర్ బాంబర్లు జర్మనీ ఆనకట్టల మీదికి వెళ్లిన కథ. 64 కిలోబైట్ల కమడోర్ మీద నడిచిన ఆ ఆటలో సెర్చిలైట్లున్నాయి, తాళ్లకు కట్టి ఎగరేసిన బెలూన్లున్నాయి, శత్రు విమానాలున్నాయి. పైలట్ సీటు నుంచి గన్నర్ దగ్గరికి, అక్కడి నుంచి ఇంజిన్లు చూసేవాడి దగ్గరికి ఆటగాడే మారుతూ ఉండాలి. ఇదంతా 1984లోనే ఉంది.

అక్కడి నుంచి 1998 దాకా జరిగిందే నాకు ముఖ్యం. ఆ పద్నాలుగేళ్లలో యంత్రాలు ఎన్నో రెట్లు బలపడ్డాయి. పేరుపొందిన రెండో ప్రపంచయుద్ధ సిమ్యులేటర్లు మాత్రం పగట్లోకి వెళ్లిపోయాయి. 1989 నాటి దెయిర్ ఫైనెస్ట్ అవర్, 1991 నాటి సీక్రెట్ వెపన్స్ ఆఫ్ ద లుఫ్ట్‌వాఫె, 1992 నాటి బి-17 ఫ్లయింగ్ ఫోర్ట్రెస్, 1998 నాటి యూరోపియన్ ఎయిర్ వార్, వీటన్నిటికీ ప్రాణం పగటి ఆకాశమే. శక్తి పెరిగేకొద్దీ రాత్రి వెనక్కి పోయిందంటే కారణం శక్తి కాదు.

నాకు తోచిన కారణం ఇది. రాత్రి యుద్ధానికి సారం చీకటి కాదు, తెలియకపోవడం. 1941 ఆగస్టు నాటి బట్ నివేదిక బ్రిటిష్ బాంబర్ల ఫొటోలు పరిశీలించి, గురిని కొట్టామని చెప్పుకున్న విమానాల్లో మూడింట ఒకటే అయిదు మైళ్ల లోపలికి వెళ్లిందని తేల్చింది. పొగ కమ్మిన రూర్ ప్రాంతంలో అది పదింట ఒకటి. ఆటలో తెర నల్లగా ఉన్నా మ్యాపు మీద మన విమానం గుర్తు కచ్చితంగా కనబడుతుంటే అది రాత్రి కాదు. గండికోట మీద నిలబడితే వెన్నెల రాత్రి పెన్నా ఇసుక పాలిపోయి ముందు కనబడుతుంది. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు దాకా ఆ తెల్లచారను పట్టుకుని పోవచ్చు. అమావాస్య నాడు పోలేం. ఆ తేడాను ఆటగాడి చేత అనుభవింపజేయాలంటే అతను ఎక్కడున్నాడో అతనికే చెప్పకుండా ఉండే ధైర్యం కావాలి.

శత్రువు సంగతి ఇంకా కష్టం. కంప్యూటర్ నడిపే విమానానికి మన స్థానం అంకెల్లో ముందే తెలుసు. దానికి చూపు తగ్గించాలంటే చంద్రుడు ఎటున్నాడు, వెనక మబ్బుందా నేలుందా, ఇంజిన్ నిప్పు ఎంత కనబడుతోంది అని విడిగా లెక్కకట్టాలి. పైగా రాత్రి వేట ఒక్కడి పని కాదు. నేల మీది రాడార్ దగ్గర ఒకరు దారి చెబితే, విమానంలో వెనక కూర్చున్నవాడు చిన్న రాడార్ తెర చూసి కుడి, ఎడమ అంటుంటే, పైలట్ చివరి కొన్ని వందల గజాల్లో నల్లటి ఆకారాన్ని కళ్లతో పట్టుకునేవాడు. ఒక్కడే కొని ఒక్కడే ఆడే సరుకులో ఆ వెనక మనిషికి చోటు దొరకలేదు. న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. సెర్చిలైటు వెలుగు మబ్బు మీద పరుచుకోవడం, కాలుతున్న ఊరి ఎరుపు రెక్క కిందికి తగలడం, ఇవి బలమైన కార్డులు లేకుండా కుదిరేవి కావు. అయితే అవి రాత్రికి అందం తెచ్చేవి. అసలు లోటు అక్కడ లేదు.

మరో కారణం ఉందని నా అనుమానం, దీన్ని రుజువు చేయలేను. పగటి బాంబింగ్‌లో ఫ్యాక్టరీ కొట్టామని చెప్పుకోవచ్చు. రాత్రి బాంబింగ్ 1943 జూలైలో హాంబర్గ్ మీద జరిగినట్టు ఊళ్ల మీద, నిద్రలో ఉన్న ఇళ్ల మీద పడింది. వేసినవాళ్లూ తక్కువ పోలేదు, బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో 55,573 మంది చనిపోయారు. జమ్మలమడుగు, పులివెందుల పక్క పుట్టినవాళ్లకు బాంబు అంటే తెర మీది మెరుపు కాదు. ఫ్యాక్షన్ రోజుల్లో నాటు బాంబులకు భర్తల్నీ కొడుకుల్నీ పోగొట్టుకున్న ఇళ్లు మా ఊళ్లలో ఉన్నాయి. అందుకే ఆటలో కింద దీపాలు మాత్రమే ఉండి మనుషులు లేకపోవడం నాకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఆ పగటి ఆటల నడుమే 1991లో రాత్రి తిరిగొచ్చింది, వేషం మార్చుకుని. జనవరి 17న బాగ్దాద్ మీద స్టెల్త్ విమానాల దాడి, టీవీలో ఆకుపచ్చ ఆకాశం ప్రపంచమంతా చూసింది. అదే ఏడు మైక్రోప్రోస్ ఎఫ్-117ఎ ఆట విడుదల చేసింది. ఇక్కడ చీకటి ఆటగాడికి దుప్పటి. దాక్కోవడం అతనిది, గుడ్డితనం శత్రువుది.

2001లో వచ్చిన ఐఎల్-2 స్టుర్మోవిక్ ఆటలో వేళను ఎంచుకునే వీలుంది. ప్రొద్దుటూరులో ఒక నెట్ సెంటర్‌లో మేము రాత్రి మిషన్ పెట్టిన మొదటిసారి నా పక్కవాడు చేసిన పని మానిటర్ బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచడం. రెండు నిమిషాల్లో రాత్రి బూడిదరంగు సాయంత్రమైంది. ఆన్‌లైన్‌లో ఎదురెదురుగా ఆడేవాళ్లకు ఈ చిక్కు ఇప్పటికీ తీరలేదు.

ఇవాళ్టి డీసీఎస్ సిమ్యులేటర్‌లో రాత్రి చూడ్డానికి గొప్పగా ఉంటుంది. 2019లో దానికి వచ్చిన ఎఫ్-14లో వెనక సీటుకు మాట్లాడే కృత్రిమ సహచరుణ్ణి పెట్టారు, స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకునే వీలూ ఇచ్చారు. 2021లో మస్కిటో వచ్చింది, కానీ అది రాడార్ ఉన్న రాత్రి వేటగాడి రకం కాదు, బాంబులూ తుపాకులూ మోసే రకం. వెనక మనిషి సమస్య తీరింది, యంత్రం చాలదన్న మాటా పోయింది. అయినా 1943 నాటి రాత్రి వేటను నిండుగా, నేల మీది రాడార్ గొంతుతో సహా ఆడించేది నాకు కనబడలేదు. దీన్ని నేను ప్రగతి అనలేను, రంగు బాగా వేశారని మాత్రం అంటాను.

ఆడించదగ్గ రాత్రి మన దగ్గరే ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసింది పగలే. ఆ డిసెంబరు నుంచి కలకత్తా మీదికి రాత్రుళ్లు వచ్చాయి. 1943 జనవరి 15 రాత్రి బ్రిటిష్ వాయుసేన 176వ స్క్వాడ్రన్‌కు చెందిన సార్జెంట్ ప్రింగ్ బ్యూఫైటర్‌లో లేచి మూడు బాంబర్లను కూల్చాడు. కింద దీపాలార్పిన నగరం, వెన్నెల్లో హుగ్లీ నది, వెనక సీట్లో రాడార్ చూస్తున్న మనిషి. ఎవరైనా దాన్ని తయారుచేస్తే మ్యాపు మీద మన విమానం గుర్తు మాత్రం పెట్టకూడదు.